కాలు కోసం వచ్చినవాళ్ళు

మా ఆయన పోయిన కొన్ని వారాలకే నేను మళ్ళీ డ్యూటీలో చేరాను. అంత త్వరగా ఎందుకని చాలామంది అడిగారు. ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తెలియలేదు, అంతే. తిరుత్తణిలో మా ఇల్లు స్టేషనుకు దగ్గర. పొద్దున లోకల్ రైలెక్కి తిరువళ్ళూరులో దిగి, షేర్ ఆటోలో ఆసుపత్రికి చేరతాను. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే దారి. ఆయన ఇనుప సామాన్ల కొట్టు తెరవడానికి ఒక పక్కకు వెళ్ళేవాడు, నేను రైలుకోసం ఇంకో పక్కకు వెళ్ళేదాన్ని. ఇప్పుడు కొట్టు మా మరిది తెరుస్తున్నాడు. నా రైలు నేనే ఎక్కాలి.

ఆ రోజుల్లో దుఃఖం గురించిన పుస్తకాలు కొన్ని చదివాను. చదవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, ఏది వచ్చినా ముందు పుస్తకాల్లో వెతుకుతాను. వాటిలో దుఃఖాన్ని రకరకాల వాటితో పోల్చారు. సముద్రమన్నారు, రాయన్నారు, చెప్పకుండా వచ్చే చుట్టమన్నారు. నాకు అలాంటిదేదీ జరగలేదు. అన్నంలో ఉప్పుందో లేదో తెలిసేది కాదు. రైల్లో పక్కన కూర్చున్నవాళ్ళు ఏదైనా అడిగితే జవాబు చెప్పేదాన్ని, ఏం చెప్పానో స్టేషన్ వచ్చేసరికి గుర్తుండేది కాదు. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

నేను రేడియాలజిస్టుని. మా ఊళ్ళో చాలామందికి ఆ పనేమిటో తెలియదు. ఎక్స్‌రే తీసే ఆవిడ అనుకుంటారు. తీసేది టెక్నీషియన్లు. తీసినదాన్ని చూసి అందులో ఏముందో చెప్పడం నా పని. దీపాలు తగ్గించిన గదిలో తెరల ముందు కూర్చుని, మొహం కూడా తెలియని మనుషుల ఊపిరితిత్తులు, వెన్నుపూసలు, మెదళ్ళు ఒకదాని తర్వాత ఒకటి చూస్తాను. చూసినదాన్ని రాస్తాను. నా ఉద్యోగంలో మనుషులతో మాట్లాడే పని తక్కువ. ఆ సంవత్సరం అది నాకు బాగా సరిపోయింది.

యాక్సిడెంటు కేసు వచ్చినప్పుడు మాత్రం ఆ గదిలోంచి బయటికి రావాలి. నేను చేరిన కొత్తలో ఇలా ఉండేది కాదు. క్యాజువాలిటీలో వాళ్ళ పని వాళ్ళు చేసుకునేవాళ్ళు, ఫిల్ములు నా దగ్గరకు తర్వాత వచ్చేవి, నేను తీరిగ్గా రాసేదాన్ని. కొన్నిసార్లు నా రిపోర్టు వెళ్ళేసరికి మనిషి ఉండేవాడు కాదు. ఇప్పుడు పద్ధతి మారింది. ఫోను రాగానే నేనే అల్ట్రాసౌండ్ మెషీను తోసుకుని పోతాను. తల దగ్గర మత్తు డాక్టరు నిలబడి ఊపిరి సంగతి చూస్తారు. కాళ్ళ వైపు నర్సులు నరం వెతుకుతారు. సర్జన్ ఒక పక్క, నేను ఇంకో పక్క. ఎవరి చోటు వాళ్ళది. నేను కడుపు మీద జెల్లీ రాసి నాలుగు చోట్ల చూస్తాను. కాలేయం చుట్టూ, ప్లీహం చుట్టూ, మూత్రాశయం వెనక, గుండె చుట్టూ. నెత్తురు చేరి ఉంటే అక్కడ నల్లగా కనిపిస్తుంది. ఉందో లేదో అందరికీ వినపడేలా చెప్పాలి. రిపోర్టుల్లో మేము ‘కావచ్చు’, ‘తోసిపుచ్చలేము’ అని రాస్తుంటాం. మంచం పక్కన అవి పనికిరావు. నేను చెప్పే ఒక్క మాటను బట్టి మిగతావాళ్ళు ఏం చేయాలో నిర్ణయించుకుంటారు.

చెరకు తోలే కాలంలో ఒక పూట, పొద్దున పదకొండు ప్రాంతంలో ఫోను వచ్చింది. పళ్ళిపట్టు అవతలి ఊరి రైతు. వయసు నలభై లోపు. చెరకు ట్రాక్టరును తప్పించబోయి మోటారు సైకిలుతో పాటు గట్టు కిందికి పడ్డాడు. బండి హ్యాండిలు ఎడమ డొక్కలో గుచ్చుకుంది, బండి కాలి మీద పడింది. ఆంబులెన్సులో అతని భార్య, ఆమె అన్న కూడా వచ్చారు.

నేను వెళ్ళేసరికి మనిషి మెలకువగానే ఉన్నాడు. కాలు చెక్కలకు కట్టి ఉంది. నేను పొట్ట మీద జెల్లీ రాస్తుంటే తల ఎత్తి చూశాడు. నర్సు తమిళంలో ఊరు అడిగితే తమిళంలో చెప్పాడు. తర్వాత భార్య వైపు తిరిగి, నాకు అర్థం కాదనుకుని తెలుగులో అన్నాడు.

“కాలు ఆడుంటే ఈయమ్మ కడుపు మీద రుద్దతా ఉండాదే. చూపు సరిగా లేదా ఏమి?”

“చూపు బాగానే ఉంది, కడుపే చూడాలి,” అన్నాను తెలుగులో.

అతను నాలుక కరుచుకున్నాడు. “తప్పుగా అనుకోవద్దమ్మా. కడుపులో ఏముంటాది చూసేదానికి? పొద్దున తాగిన రాగంబలి.”

“అది కూడా కనపడుతుంది.”

“అయితే ఉప్పు ఉండాదో లేదో చూసి మా ఇంటిదానికి చెప్పు. నేను చెప్తే నమ్మదు.”

నేను ఆ మాట తమిళంలో చెబితే నర్సు నవ్వింది. భార్య నవ్వలేదు. అతని చొక్కా, చెప్పులు ఉన్న ప్లాస్టిక్ కవరు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది.

ఎడమ పక్కటెముకల కింద పెట్టి చూసినప్పుడు ప్లీహానికీ మూత్రపిండానికీ మధ్య నల్లటి చార కనిపించింది. సన్నటిదే. మనిషిని కదలకుండా ఊపిరి బిగబట్టమని ఇంకోసారి చూశాను. ఉంది. “ఎడమ పక్క నెత్తురు ఉంది, మిగతా మూడు చోట్ల లేదు,” అని సర్జన్‌కి చెప్పాను. బీపీ ఇంకా పడలేదు, నాడి మాత్రం వేగంగా ఉంది. సర్జన్ వెంటనే సీటీ స్కాన్ చేద్దామన్నాడు. ఎక్కడ చీలిందో, ఎంత చీలిందో, ఆగిందో లేదో తెలిస్తే కోయాలా వద్దా అన్నది తేలుతుంది. ఈలోగా టెక్నీషియన్ కాలికి ఎక్స్‌రే తీశాడు. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి.

వాళ్ళు వచ్చింది ఆ ఎక్స్‌రే కోసం.

ఇది మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్పాలి. సరిహద్దు దాటి ఆంధ్రాలోకి పోతే ఎముకలకు కట్టు కట్టే వైద్యులున్నారు. తరతరాలుగా ఆ పని చేస్తున్నవాళ్ళు. ఆకు పసరు పట్టించి, వెదురు బద్దలు పెట్టి కడతారు. చెయ్యి విరిగినా కాలు విరిగినా ఈ చుట్టుపక్కల మొదట అనే మాట ‘కట్టుకు తీసకపోండి’. ఇప్పుడు అక్కడ కూడా ఎక్స్‌రే అడుగుతారు కాబట్టి, దారిలో ఏదో ఒక ఆసుపత్రిలో ఫోటో తీయించుకుని పోతారు. నేను దాన్ని చిన్నచూపు చూసేదాన్ని కాదు. మా ఆయనకు చిన్నప్పుడు మణికట్టు విరిగితే కట్టే కట్టించారు. కొంచెం వంకరగా అతుక్కుంది. ఆ చేత్తోనే బతికినన్నాళ్ళూ ఇనుప కడ్డీలు మోశాడు.

సర్జన్ మదురై వైపు మనిషి, తెలుగు రాదు. రైతు బావమరిదికి, అంటే భార్య అన్నకు, తమిళంలో వివరంగా చెప్పాడు. కడుపులో రక్తస్రావం ఉంది, స్కాన్ కావాలి, ఆపరేషన్ అవసరం కావచ్చు, సంతకం పెట్టండి అన్నాడు. బావమరిది “సరి సార్, సరి సార్” అంటూ విన్నాడు. సర్జన్ అటు తిరగ్గానే చెల్లెలితో తెలుగులో అన్నాడు.

“ఈళ్ళు అంత లేసుగా వదిలేటట్టు లేరు. ఎక్స్‌రే చేతికి రానీ. వ్యాన్‌కు చెప్పేసినా, గేటు కాడికి వచ్చేస్తాది. నువ్వు ఏమీ మాట్లాడొద్దు, నేను చూసుకుంటా.”

నేను మెషీను తుడుస్తూ పక్కనే ఉన్నాను. మామూలుగా అయితే అక్కడితో నా పని అయిపోయింది. వాళ్ళతో మాట్లాడాల్సింది సర్జన్, ఆ తర్వాత డ్యూటీ డాక్టరు. నా పేరు కూడా పేషెంటు తరఫువాళ్ళకు తెలియదు, తెలియాల్సిన అవసరం లేదు. కానీ ఆ గదిలో ఆ మాటలు అర్థమైనది నాకొక్కదానికే. వ్యాన్ ఎక్కించి గతుకుల రోడ్డు మీద తీసుకుపోతే ఆ మనిషి కట్టు కట్టే ఊరు చేరడు. ఇది నాకు తెలుసు.

“అన్నా, వ్యాన్‌ను ఉండమనండి,” అన్నాను.

అతను ఇబ్బందిగా చూశాడు. “మీరు మనోళ్ళేనా మేడం? ఏ ఊరు?”

“తిరుత్తణి.”

“ఓహో. సరే, మీరే చెప్పండి. కాలు విరిగిందా లేదా?”

“విరిగింది.”

“అంతే కదా. మా నాయనకు తొడే విరిగింది. కట్టుతోనే లేచినాడు, ఇప్పుడు కూడా వరికయ్యకు నడిచే పోతాడు. వీనికి పిక్కే కదా.”

“కాలు సంగతి కాదన్నా. కడుపులో నెత్తురు కారుతోంది.”

“యాడ కారతాంది? గుడ్డకు చుక్క అంటలేదే.”

“లోపల.”

“ఆడ చూడండి, నర్సమ్మతో పరాచికాలాడతా ఉండాడు. నెత్తురు పోయేవోడు అట్ల మాట్లాడతాడా?”

“మాట్లాడతాడు. కొంచెంసేపు మాట్లాడతాడు.”

“కాలుకని వస్తే కడుపంటారు. కడుపుకని పోతే గుండెకాయంటారు. ఆస్పత్రోళ్ళ కత మాకు తెలీదా మేడం. మా పెదనాయిన్ని ఇట్లే ఆస్పత్రిలో పెట్టుకున్నారు. పొలం పోయింది, మనిషీ పోయినాడు.”

అతను చెప్పింది అబద్ధమని నేను అనలేను. అలాంటివి నాకూ తెలుసు. మెషీనులో నిలిపి ఉంచిన చిత్రం చూపించాను. ఇది ప్లీహం, ఇది మూత్రపిండం, మధ్యలో ఈ నల్ల చారే నెత్తురు అని వేలు పెట్టి చెప్పాను. అతను వంగి శ్రద్ధగానే చూశాడు.

“నల్లగా ఉండేదంతా నెత్తురైతే ఈ ఫోటో అంతా నెత్తురే గదా,” అన్నాడు.

మంచి ప్రశ్న. ఏ నలుపు ఏమిటో తెలుసుకోవడానికే నాకు ఏళ్ళు పట్టింది. నిలబడి రెండు మాటల్లో చెప్పడం నాకు చేతకాలేదు. తెరలో ఉన్నది చదవడం నేర్చుకున్నాను గానీ, చదవడం రానివాళ్ళ చేత నమ్మించడం నేర్చుకోలేదు. అది వేరే వాళ్ళ పని అనుకునేదాన్ని.

ఈలోగా మంచం మీది మనిషి పరాచికాలు మానేశాడు. “నీళ్ళు ఇప్పీండి,” అన్నాడు. కాసేపటికి మళ్ళీ, “దాహంగా ఉండాది బావా,” అన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. మత్తు డాక్టరు నా వైపు చూసి, సంగతి తేల్చమన్నట్టు తల ఊపారు. నెత్తురు తగ్గేకొద్దీ దాహం వేస్తుందని బావమరిదికి చెప్పాను. ఎండలో పడినాడు కదా, ఎవురికైనా వేస్తాదన్నాడు. గేటు దగ్గర వ్యాన్ వచ్చి ఆగిందని అతనికి ఫోను వచ్చింది.

అప్పుడు భార్య మాట్లాడింది. అంతవరకూ ఆమె నోరు తెరవలేదు. అన్నను దాటి ఒక అడుగు ముందుకు వచ్చి నన్ను అడిగింది.

“నీ ఇంటాయనైతే నువ్వేం చేస్తువమ్మా?”

డాక్టర్లను అందరూ అడిగే ప్రశ్నే ఇది. నన్నూ చాలామంది అడిగారు. మీ అమ్మయితే, మీ బిడ్డయితే, మీ ఇంటాయనైతే. ‘ఇదే చేయిస్తాను’ అనడం నాకు అలవాటు. అది అబద్ధం కాదు, ఆలోచించి చెప్పే మాట కూడా కాదు. ఆ పూట కూడా అదే అందామనుకున్నాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“నా ఇంటాయన పోయినాడమ్మా. ఈ మధ్యనే. ఉండి, ఆ మంచం మీద ఆయనే ఉంటే, ఇప్పుడే స్కానుకు పంపిస్తాను. ఇంకొకర్ని అడగను.”

బావమరిది చూపు నా మెడ మీదికి పోయింది. మెడలో ఆసుపత్రి కార్డు తాడు తప్ప ఏమీ లేదు. అంతకుముందు అతను దాన్ని గమనించలేదు. తెల్లకోటు ఉంటే ఎవరూ గమనించరు.

మా వైపు ఎక్కడికైనా బయలుదేరేటప్పుడు మొగుడు పోయిన ఆడది ఎదురైతే ఆగిపోతారు. మళ్ళీ లోపలికి పోయి, కూర్చుని, నీళ్ళు తాగి బయలుదేరతారు. పెళ్ళి మాటలప్పుడు, పంట మొదటి కోతప్పుడు, మనిషిని ఆపరేషనుకు పంపేటప్పుడు అలాంటి ఆడది తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. ఆయన పోయిన తర్వాత మా చుట్టాల ఇళ్ళల్లో నేను కూడా అలాగే తప్పుకుంటున్నాను. ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆసుపత్రిలో మాత్రం నాకది గుర్తుండేది కాదు. మాట అనేసిన తర్వాత వాళ్ళ మొహాలు చూస్తే గుర్తొచ్చింది. వాళ్ళు లేచి వెళ్ళిపోవడానికి కారణమేదైనా తక్కువై ఉంటే అది నేనే ఇచ్చానని అర్థమైంది. భయం వేయాల్సింది. వేయలేదు. మంచం పక్క తెర మీద నాడి అంకె పెరగడం చూస్తూ నిలబడ్డాను.

“పదమ్మే,” అన్నాడు బావమరిది చెల్లెలితో, గొంతు తగ్గించి. “దినమే సరిలేదు. ఇంక ఈడ నిలబడేది వద్దు.”

“ఉండన్నా.”

“ఏమి ఉండేది? విన్యావు కదా ఆమె చెప్పింది.”

“వింటి. అందుకే ఉండమంటా ఉండా.” ఆమె గొంతు తగ్గించలేదు. నా ముందే, నేను అక్కడ లేనట్టే మాట్లాడింది. “ఎవురన్నా ఆ మాట చెప్పుకుంటారా పేషెంటోళ్ళ కాడ? చెప్తే మనము లేచి పోతామని ఆమెకు తెలీదా? తిరుత్తణిలో పుట్టి పెరిగినామెకు శాస్త్రం తెలీదా? మన దుడ్డు కోసరం అయితే నా మొగుడు రాజా మాదిరి ఉండాడు, వానికీ ఇదే చేస్తానని చెప్పుండును. ఎవురు కనిపెట్టేది?”

“నీకు తెలీదు లేమ్మే—”

“నాకు తెలీదు. నీకూ తెలీదు. ఆ నల్లది ఏందో మన ఇద్దరికీ తెలీదు. ఆమెకు తెలుసు.” నా వైపు తిరిగింది. “యాడ పెట్టాల సంతకము?”

నేను తిరుత్తణిలో పుట్టలేదు, కోడలిగా వచ్చాను. ఆమె అనుకున్నంత ఆలోచనా నాకు లేదు. నిజం చెబితే నష్టమని తెలిసి చెప్పలేదు, ఏమీ తోచక చెప్పాను. ఆ సంగతులేవీ ఆమెకు చెప్పలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను. ఆమె తమిళంలో, ఒక్కో అక్షరం విడివిడిగా పేరు రాసింది.

తర్వాతిదంతా వేగంగా జరిగింది. అది నాకు బాగా తెలిసిన భాగం. మనిషిని స్కాన్ బల్ల మీదికి మార్చారు. అద్దం ఇవతల తెర ముందు నేను కూర్చున్నాను, నా కుర్చీ వెనక సర్జన్ నిలబడ్డాడు. నరంలోకి మందు ఎక్కించి చిత్రాలు తీస్తారు. ఆ మందు పారిన చోటల్లా తెల్లగా కనిపిస్తుంది. చిత్రాలు పైనుంచి కిందికి ఒక్కొక్కటే రావడం మొదలైంది. నేను చూస్తూ చెప్పుకుంటూ పోయాను. మెడ బాగుంది. ఊపిరితిత్తులు బాగున్నాయి. ఎడమ పక్కటెముకలు రెండు విరిగాయి. కాలేయం బాగుంది. ప్లీహం చీలింది, లోతుగా. కడుపులో నెత్తురు ఇందాకటికంటే ఎక్కువైంది. పేగులు బాగున్నాయి.

‘బాగుంది’ అనడం కూడా ముఖ్యమని మా పనిలో కొత్తవాళ్ళకు చెబుతుంటాను. కోయబోయేవాడికి ఎక్కడ వెతకాలో ఎంత అవసరమో, ఎక్కడ వెతకనక్కర్లేదో కూడా అంతే అవసరం.

చీలిక దగ్గర తెల్లటి చుక్క ఒకటి ఉంది. కాసేపాగి రెండోసారి తీసిన చిత్రాల్లో అదే చుక్క పెద్దదైంది. అంటే మందు నెత్తురు నాళం దాటి బయటికి పోతోంది. “ఆగలేదు, ఇప్పుడు కూడా కారుతోంది,” అన్నాను. పెద్ద ఊళ్ళో అయితే నాలాంటి రేడియాలజిస్టే ఒకరు తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం పంపి, ఆ కారే చోటును లోపలి నుంచే మూసేవాళ్ళు. మా దగ్గర ఆ వసతి లేదు. చెన్నైకి పంపుదామా అని సర్జన్ ఒకసారి అడిగాడు. జవాబు కోసం ఆగలేదు, మత్తు డాక్టరు అద్దం అవతలి నుంచి చెయ్యి ఎత్తారు. బీపీ పడింది. సర్జన్ వెళ్ళిపోయాడు. మనిషిని బల్ల మీది నుంచి నేరుగా థియేటర్‌కు తీసుకుపోయారు.

గది ఖాళీ అయింది. నేను రిపోర్టు రాశాను. తర్వాత ఒక ముసలావిడ నడుము, ఒక స్కూలు టీచరు సైనస్ చూశాను.

మధ్యాహ్నం దాటాక థియేటర్ నుంచి సర్జన్ ఫోను చేశాడు. ప్లీహం తీసేశానని, నెత్తురు ఆగిందని, నువ్వు చెప్పిన చోటే ఉందని అన్నాడు. వాళ్ళవాళ్ళకు మీ భాషలో నువ్వే చెప్పేస్తావా, నేను ఇంకో కేసుకు పోవాలి అన్నాడు. ఇంతకుముందు అలాంటి కబురు నేనెప్పుడూ మోయలేదు. సరేనన్నాను.

థియేటర్ బయట బెంచీ మీద ఆమె ఒక్కతే ఉంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమన్నాను.

“చీలినదాన్ని తీసేశారు. నెత్తురు ఆగింది. అది లేకపోయినా మనిషి బతకొచ్చు, కొన్ని సూదులు వేయించుకోవాలి. ఇంకా రెండు మూడు రోజులు కనిపెట్టి చూడాలి.”

“ఇప్పుడు ఉండాడా?”

“ఉన్నాడు.”

“మాట్లాడతాడా?”

“రేపు.”

ఆమె తల ఊపింది. ఏడవలేదు. నేను వెళ్ళిపోవచ్చు. వెళ్ళబోతుంటే అడిగింది.

“మీ ఇంటాయనకు ఏమయ్యింది?”

ఆ ప్రశ్న నన్ను అప్పటివరకూ ఎవరూ అడగలేదు. తెలిసినవాళ్ళందరికీ తెలుసు, తెలియనివాళ్ళతో నేను మాట్లాడేదాన్ని కాదు.

“కొట్లో ఉన్నాడు. ఎవరికో మేకులు తూచి ఇస్తూ పడిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోపలే అయిపోయింది.”

“నువ్వు యాడ ఉంటివి?”

“ఇక్కడే. ఎవరి స్కానో చూస్తూ ఉన్నాను.”

“ఆయనకు ఫోటో తీసి చూడలేదా నువ్వు?”

“లేదు. తీసేదానికి వ్యవధి లేదు.”

నిజానికి అంతకుముందు కూడా ఎప్పుడూ తీయలేదు. ఆయన ఆరోగ్యంగా ఉండేవాడు. జలుబు చేసినా మిరియాల కషాయంతో సరిపెట్టుకునేవాడు. ఎంతమంది గుండెలు చూశానో నాకే లెక్కలేదు. ఆయనది చూడలేదు. ఈ మాట ఆమెతో అనలేదు.

“అట్లనా,” అంది ఆమె. పక్కన పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు తీసి ఒళ్ళో పెట్టుకుంది. బెంచీ మీద చోటైంది. నేను కూర్చున్నాను.

కాసేపటికి వాళ్ళన్న వరండా చివర కనిపించాడు. వ్యాన్‌ను పంపించేసి, రెండు పేపరు కప్పుల్లో టీ తెచ్చాడు. నన్ను చూసి అక్కడే ఆగిపోయాడు. కోపంగా లేడు. లోపల థియేటర్లో మనిషి ఉన్నాడు, బయట ఎదురుగా నేనున్నాను, ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు. నేను లేచి పోతే వద్దామని చూస్తున్నాడని నాకు తెలుసు. అలాంటప్పుడు లేచి పోవడం నాకు అలవాటైపోయింది కూడా.

“తే అన్నా, చల్లారిపోతాంది,” అంది ఆమె.

అతను ఇంకొంచెంసేపు నిలబడి, వచ్చాడు. ఒక కప్పు చెల్లెలికి ఇచ్చాడు. రెండోది తనకు తెచ్చుకున్నది. కాస్త ఆలోచించి, దాన్ని నాకూ తనకూ మధ్య బెంచీ అంచు మీద పెట్టాడు.

నేను లేవలేదు.